సముద్రస్నానం: ఏ తీరం ఎవరికి?

ప్రశ్న: డాక్టరుగారూ, మాది కర్నూలు జిల్లా కౌతాళం. మా ఆయన ఆదోనిలో పత్తి వ్యాపారి దగ్గర గుమాస్తా. ఈ సంక్రాంతి సెలవులకు అందరం విశాఖపట్నం వెళ్దామనుకుంటున్నాము. మా ఇంట్లో ఎవ్వరమూ ఇంతవరకు సముద్రం చూడలేదు. మా అత్తగారికి అరవై రెండేళ్లు, పదేళ్లుగా షుగరు ఉంది. అబ్బాయికి పద్నాలుగు; ఎల్లెల్సీ కాలువలో బాగా ఈదుతాడు. తొమ్మిదేళ్ల అమ్మాయికి ఉబ్బసం, పైగా ఎడమచెవి అప్పుడప్పుడు కారుతుంది. మూడేళ్ల కిందట మా వీధిలో ఒక కుటుంబం సముద్రం చూడబోయి, ఎదిగిన కొడుకును పోగొట్టుకుని తిరిగివచ్చింది. ఆ తల్లి ముఖం చూసినప్పటినుంచి మా అత్తగారు ఈ ప్రయాణమే వద్దంటున్నారు. టిక్కెట్లు కొనేశాము. వెళ్లమంటారా, మానమంటారా? విశాఖలో బీచ్‌లు చాలా ఉన్నాయట. ఎక్కడికి వెళితే మంచిది?
– ఒక గృహిణి, కౌతాళం

జవాబు: అమ్మా, వెళ్లండి. తొమ్మిదేళ్ల పిల్ల మొదటిసారి సముద్రం చూసినప్పుడు దాని కళ్లు ఎలా వెలుగుతాయో మీరు చూసితీరాలి. అయితే మీ అత్తగారి భయాన్ని కొట్టిపారెయ్యకండి. ఆవిడ భయంలో న్యాయం ఉంది. భయాన్ని జాగ్రత్తగా మార్చుకుంటే ప్రయాణం మానుకోవలసిన అవసరం ఉండదు.

మీ ఉత్తరం చదివితే ఉబ్బసం, చెవి, షుగరు గురించి మీరు దిగులుపడుతున్నారని తెలుస్తోంది. వాటికి ఉపాయాలున్నాయి, చెబుతాను. నాకు మాత్రం ఎక్కువ దిగులు మీ అబ్బాయి గురించి. ‘బాగా ఈదుతాడు’ అని రాశారే, అక్కడే నా కలం ఆగింది.

కాలువ ఈత వేరు, కడలి ఈత వేరు

నేనూ తుంగభద్ర నీళ్లలో ఈత నేర్చినవాణ్ణే. మెడిసిన్ చదివే రోజుల్లో స్నేహితులతో విశాఖ వెళ్లాను. ఒడ్డు పొడుగునా అలలు విరిగిపడుతున్నాయి. మధ్యలో ఒకచోట మాత్రం అలలు లేవు. నీరు నిలకడగా కనిపించింది. తెలివైనవాణ్ణి కదా అని అక్కడే దిగాను. నాలుగు బారలు వేశానో లేదో, ఒడ్డు దూరమైపోయింది. ఎంత ఈదినా ముందుకు రావడం లేదు. చేతులు పడిపోయాయి. అప్పుడు ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన లేచి చెయ్యి అడ్డంగా ఊపుతూ, “ఎదురీదకు బాబూ, పక్కకి రా, పక్కకి రా!” అని అరిచాడు. పక్కకి ఈదాను. కాసేపటికి అలే నన్ను తెచ్చి ఇసుకమీద పడేసింది. ఆయన పేరు కూడా అడగలేదు. ఈనాడు మీకు ఈ జవాబు రాస్తున్నానంటే ఆ కేకే కారణం.

అక్కడ జరిగింది ఇది. అలలు నీటిని ఒడ్డుకు తోస్తూనే ఉంటాయి. ఆ నీరు మళ్లీ లోపలికి పోవాలి కదా. ఒడ్డుకు కాస్త దూరంలో నీటి అడుగున ఇసుక గట్టులా మేట వేస్తుంది. ఆ గట్టులో ఎక్కడ గండి ఉంటే అక్కడినుంచి ఒడ్డున చేరిన నీరంతా ఒక్కపెట్టున వెనక్కి పోతుంది. దీన్నే రిప్ కరెంటు అంటారు. గండి దగ్గర లోతెక్కువ కనుక అల విరగదు. తెలియనివాడికి అదే క్షేమమైన చోటుగా కనబడుతుంది! ఆ ప్రవాహం ఒక్కొక్కప్పుడు సెకనుకు రెండు మీటర్ల వేగం అందుకుంటుంది. ఆరితేరిన ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు.

కాలువలో నీరు ఒకే దిక్కుకు పోతుంది, రెండు గట్లూ కళ్లెదుట ఉంటాయి. సముద్రంలో అలా కాదు. ఈత రానివాడు భయపడి మోకాలి లోతులో ఆగిపోతాడు. ఈత వచ్చినవాడు ధైర్యంగా లోపలికి పోతాడు. అంచేత మీ అబ్బాయిని ఎదురుగా కూర్చోబెట్టి ఈ మూడు మాటలూ చెప్పండి.

ఒకటి: నీళ్లలో దిగేముందు ఒడ్డున పది నిమిషాలు నిలబడి చూడాలి. అలల వరుసలో అల విరగని సందు, బురదరంగు నీరు చారలా లోపలికి పోయే చోటు, నురుగు వెనక్కి కొట్టుకుపోయే చోటు కనిపిస్తే అక్కడ దిగకూడదు.

రెండు: లాగేస్తే ఒడ్డుకేసి ఈదకూడదు. ఈ ప్రవాహం మనిషిని అడుక్కి లాగదు, లోపలికి మాత్రమే తీసుకుపోతుంది. వెల్లకిలా తేలి, ఊపిరి నిలదొక్కుకుని, చెయ్యి పైకెత్తి కేకవెయ్యాలి. శక్తి ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ తరువాత అలలతోపాటు ఒడ్డుకు రావాలి. ఉప్పునీటిలో శరీరం మంచినీటిలోకన్నా తేలికగా తేలుతుంది, ఆ ధైర్యం ఉంచుకోవాలి.

మూడు: ఒకడు మునుగుతుంటే ఇంకొకడు దూకకూడదు. ఒకరికోసం దూకి ఇద్దరు, ముగ్గురు పోయిన ఇళ్లున్నాయి. తాడు, ఖాళీ నీళ్ల డబ్బా, గాలి నింపిన ట్యూబు, ఏది దొరికితే అది విసిరి, లైఫ్‌గార్డును పిలవాలి.

రేవున్న ఊరి సముద్రం

విశాఖ వట్టి విహారస్థలం కాదు, పనిచేసే రేవు. 1933లో రేవు మొదలైంది. పెద్ద ఓడలకోసం 1970లలో బయటి రేవు కట్టారు. రేవుకు రక్షణగా సముద్రంలోకి రాతిగోడలు కట్టవలసి వచ్చింది. మన తూర్పుతీరంలో అలలు ఏడాదిలో ఎక్కువభాగం ఇసుకను దక్షిణంనుంచి ఉత్తరానికి నడిపిస్తాయి. ఆ నడకకు గోడలు అడ్డు. ఉత్తరాన ఉన్న రామకృష్ణా బీచ్‌కు చేరవలసిన ఇసుక తగ్గిపోతుంది, ఒడ్డు కోసుకుపోతుంది. రేవులో తవ్వితీసిన ఇసుకను అక్కడికి పంపి ఆ లోటు పూడుస్తుంటారు. అంచేత అక్కడి ఒడ్డు రూపం మారిపోతూ ఉంటుంది. నిరుడు మోకాలిలోతు ఉన్నచోట ఈ ఏడు గుంట ఉండవచ్చు. ‘మేం వెళ్లినప్పుడు బాగానే ఉంది’ అనే మాటను నమ్మకండి.

రేవుతో వచ్చే చిక్కులు ఇంకా రెండున్నాయి. బొగ్గు, ఇనుప ఖనిజం ఎత్తిదించేచోట ధూళి లేస్తుంది. పాతనగరంలోని ఇళ్లవాళ్లు ఈ ధూళి గురించి చాలాకాలంగా మొరపెట్టుకుంటున్నారు. రెండోది మురుగు. పెద్ద ఊరి గెడ్డలూ కాలువలూ చివరికి సముద్రంలోనే కలుస్తాయి. ఆ కలిసేచోట నీళ్లలో దిగితే విరేచనాలు, చెవిపోటు, కళ్లకలక ఎదురువచ్చి స్వాగతం చెబుతాయి. వాన కురిసిన తరువాత రెండు రోజులపాటు నగరంలోని ఏ తీరంలోనూ స్నానం చెయ్యకండి. నీరు నల్లగా ఉన్నా, నూనె తెట్టు కట్టినా, వాసన వేసినా వెనక్కి తిరగండి.

ఏ ఒడ్డుకు ఏ పని?

రామకృష్ణా బీచ్: ఊరిమధ్యన ఉంది. సాయంకాలం నడకకు, గాలికి, 2002నుంచి ఒడ్డున ప్రదర్శనశాలగా ఉన్న కురుసుర జలాంతర్గామిని చూడ్డానికి వెళ్లండి. పిల్లలకు ముంత మసాలా కొనిపెట్టండి. కాళ్లు తడుపుకోవచ్చు, అంతే. స్నానానికి ఇది తగదు. ఒడ్డు నిటారుగా దిగుతుంది, లాగే ప్రవాహాలు తరచు ఏర్పడతాయి. కార్తిక పున్నమికో, శివరాత్రి మరునాడో వేలమంది మునుగుతున్నారు కదా అనకండి. పున్నమి, అమావాస్యలకు ఆటుపోట్లు మరింత ఎక్కువ.

రుషికొండ: ఊరికి ఉత్తరాన భీమిలి దారిలో ఉంది. 2020లో దీనికి బ్లూఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఈ గుర్తింపు ఇచ్చేముందు నీటిలో మలంనుంచి వచ్చే సూక్ష్మజీవులు ఎన్ని ఉన్నాయో పరీక్షిస్తారు, లైఫ్‌గార్డులు, మరుగుదొడ్లు, మంచినీటి స్నానం ఉన్నాయా అని చూస్తారు. మీ కుటుంబం స్నానం చెయ్యదలిస్తే ఇక్కడే చెయ్యండి. అయితే గుర్తింపు వచ్చిందని సముద్రం సాధువైపోదు. స్నానానికి గుర్తుపెట్టిన హద్దులోనే, లైఫ్‌గార్డు కళ్లెదుటే ఉండండి. ఎర్రజెండా కడితే ఆ రోజుకు స్నానం లేదని అర్థం.

భీమునిపట్నం: డచ్చివారి కాలంనాటి పాత రేవు. గోస్తనీ నది ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. జనం తక్కువ, గాలి శుభ్రం. మీ అత్తగారు తీరుబడిగా కూర్చోడానికి, అమ్మాయి ఇసుకలో ఆడుకోడానికి బాగుంటుంది. నది కలిసేచోట మాత్రం నీళ్లలో దిగకండి. అక్కడ నదీ సముద్రమూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి, అడుగు ఇసుక నిలకడగా ఉండదు.

యారాడ: డాల్ఫిన్స్ నోస్ కొండకు అవతల, రేవుకు దక్షిణాన ఉంది. చూడముచ్చటైన చోటు. కాని రాళ్లున్నాయి, లాగే ప్రవాహాలున్నాయి, ఏదైనా జరిగితే కొండదారి దాటి ఆసుపత్రికి చేరాలి. కళ్లారా చూసి రండి, నీళ్లలో దిగకండి.

తెన్నేటి పార్కు, జోడుగుళ్లపాలెం, మంగమారిపేట ప్రాంతాల్లో రాళ్లమీదికెక్కి ఫొటోలు తీసుకునే సరదా పెరిగింది. పాచిపట్టిన రాయిమీద కాలు నిలవదు. పది చిన్న అలల తరువాత ఒక పెద్ద అల వస్తుంది, అది చెప్పిరాదు. ఆ రాళ్లను రోడ్డుమీదనుంచే చూడండి.

ఇక మీ ఇంటివారి సంగతి

అమ్మాయి ఉబ్బసం: సముద్రపు గాలి ఉబ్బసానికి శత్రువు కాదు, చాలామందికి హాయిగానే ఉంటుంది. శత్రువు ధూళి. రేవు పక్కన బస తీసుకోకండి. భీమిలి దారివైపు ఉండండి. పీల్చే మందు లాడ్జిగదిలో పెట్టెలో కాకుండా మీ చేతిసంచీలో ఉండాలి. రోజూ వాడే మందు ప్రయాణంలోనూ మానకూడదు. మాట తెగిపోయేంత ఆయాసం వస్తే పీల్చే మందు ఇచ్చి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అమ్మాయి చెవి: చెవి కారుతున్నదంటే కర్ణభేరికి చిల్లు ఉండి ఉండవచ్చు. ఆ చెవిలో ఏ నీరూ పోకూడదు, సముద్రపు నీరు అసలే పోకూడదు. ఈ పిల్ల మునకవెయ్యకూడదు. మోకాలిలోతులో మీ చెయ్యి పట్టుకుని అలలతో ఆడుకోనివ్వండి. వాజలైను రాసిన దూదిని చెవి బయట పెట్టండి, లోపలికి కుక్కకండి. నూనె పొయ్యకండి. బయలుదేరేముందు ఆదోనిలో చెవి డాక్టరుకు ఒకసారి చూపించండి.

అత్తగారి షుగరు: పదేళ్ల షుగరులో పాదాలకు స్పర్శ తగ్గుతుంది. ఎండకు కాగిన ఇసుక, పగిలిన గవ్వ, సీసాపెంకు, గాలపు ముల్లు గుచ్చుకున్నా ఆవిడకు తెలియదు. మర్నాటికి పుండు, వారానికి చీము. అంచేత ఇసుకలోనూ చెప్పులు విప్పకూడదు. పట్టీ ఉన్న మెత్తని చెప్పులు మంచివి. రాత్రి కాళ్లు మంచినీటితో కడిగి, వేళ్లసందులు తుడిచి, అరికాళ్లు మీరు స్వయంగా చూడండి. మందు వేసుకుని తిండి ఆలస్యం చేస్తే షుగరు పడిపోతుంది. బీచ్‌లో ఉగ్గాని దొరకదని పస్తులుండనివ్వకండి. జొన్నరొట్టె మూటకట్టుకోండి, నాలుగు పిప్పరమెంట్లు కొంగున కట్టిపెట్టండి. చెమటలు, వణుకు, తడబాటు కనిపిస్తే వెంటనే అవి నోట్లో పెట్టండి. ఇన్సులిన్ వాడుతుంటే సీసా ఎండలో ఉండకూడదు.

మీ ఆయనకు: సముద్రానికి వెళ్లేరోజు మద్యం ముట్టకూడదు. ‘కొద్దిగా’ అనేదానికి సముద్రంలో అర్థం లేదు. ఇంట్లో ఎవరికైనా మూర్ఛలున్నా, గుండెజబ్బున్నా ఒడ్డునే ఉండిపోవాలి.

ఉక్కపోత: మన ప్రాంతపు ఎండ పొడి ఎండ, చెమట పట్టినవెంటనే ఆరిపోతుంది, ఒళ్లు చల్లబడుతుంది. విశాఖలో గాలినిండా తేమ. చెమట కారుతుందే గాని ఆరదు, లోపలి వేడి బయటికి పోదు. ‘ఆదోని ఎండలో పెరిగినవాళ్లం, ఇదొక లెక్కా’ అనుకుని కొందరు వేసవిలో అక్కడ సొమ్మసిల్లుతారు. మీరు సంక్రాంతికి వెళుతున్నారు కనుక మేలు. ఆ రోజుల్లో సముద్రం కూడా నైరుతి రుతుపవనాల కాలంలోకన్నా నెమ్మదిగా ఉంటుంది. అయినా మజ్జిగ, మంచినీళ్లు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు దగ్గర ఉంచుకోండి. పిల్లలు సముద్రపు నీరు మింగకుండా చూడండి. లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మింగితే వాంతులు, విరేచనాలు.

కుట్టినా, గుచ్చుకున్నా

ఒడ్డున పడిఉన్న జెల్లీచేపను చచ్చిపోయిందని ముట్టుకోకండి, చచ్చినా కుడుతుంది. కుట్టినచోట ఇసుకతో రుద్దకూడదు, మంచినీటితో కడగకూడదు. సముద్రపు నీటితోనే కడిగి, అంటుకున్న దారాలను చెయ్యి తగలకుండా పుల్లతోనో పట్టకారుతోనో తీసి, ఓర్చుకోగలిగినంత వేడినీటిలో ఇరవై నిమిషాలు ఉంచండి. ముందు ఆ వేడి పెద్దవాళ్లు చేత్తో చూడాలి. ఊపిరాడకపోయినా, ముఖం వాచినా ఆసుపత్రికి. మేకో, గాలమో, పెంకో గుచ్చుకుంటే ధనుర్వాతం సూది వేయించుకున్నది ఎప్పుడో డాక్టరుకు చెప్పండి.

నీళ్లు మింగినవాడిని తలకిందులుగా తిప్పకండి

మన ఊళ్లలో ఒక అలవాటుంది. మునిగినవాడిని బయటికి తీసి తలకిందులుగా వేలాడదీస్తారు, భుజాన వేసుకుని గిరగిర తిప్పుతారు, బోర్లించి పొట్ట నొక్కుతారు. నీళ్లు కక్కించాలని ఆత్రం. ప్రాణం పోయేది ఊపిరి అందక. పొట్టలో నీళ్లవల్ల కాదు. ఆ తిప్పే రెండు నిమిషాల్లోనే మెదడు దెబ్బతింటుంది.

చెయ్యవలసింది ఇది. గట్టినేలమీద వెల్లకిలా పడుకోబెట్టండి. ఒకరు 108కి గాని 112కి గాని ఫోను చెయ్యాలి. ఊపిరి లేకపోతే తల కొద్దిగా వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోటితో నోట్లోకి రెండుసార్లు ఛాతీ లేచేటట్టు ఊదండి. తరువాత రొమ్ముమధ్య ఎముకమీద 30సార్లు గట్టిగా, త్వరత్వరగా నొక్కండి. మళ్లీ రెండు ఊపిరులు, మళ్లీ 30 నొక్కులు. సహాయం వచ్చేదాకా ఆపకండి. తేరుకుని లేచి కూర్చున్నా సరే, ఆసుపత్రికి తప్పకుండా తీసుకెళ్లాలి. ఊపిరితిత్తుల్లో చేరిన నీటివల్ల కొన్ని గంటల తరువాత కూడా ఆయాసం ముదరవచ్చు. ఈ పద్ధతిని మీ ఊరి ఆరోగ్యకేంద్రంలో అడిగి, వెళ్లేముందే ఒకసారి చేసిచూడండి. సముద్రానికే కాదు, ఎల్లెల్సీ కాలువ గట్టునా పనికివస్తుంది.

మీ ప్రయాణానికి నా చీటీ

మొదటిరోజు రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చిన అలసటతో సముద్రానికి పరుగెత్తకండి. సాయంకాలం రామకృష్ణా బీచ్‌లో నడిచి, చూసి, తిని, నిద్రపోండి. రెండోరోజు పొద్దున ఆరున్నరకు రుషికొండ చేరండి. ముందురోజు రాత్రి వాతావరణశాఖ హెచ్చరికా, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే పెద్ద అలల హెచ్చరికా ఉన్నాయేమో వార్తల్లో చూసుకోండి. లైఫ్‌గార్డును “ఈ రోజు ఎక్కడ దిగవచ్చు నాయనా?” అని అడగండి. అడిగితే చిన్నతనం లేదు. అబ్బాయికి హద్దు నడుములోతు, అమ్మాయికి మోకాలు. పెద్దవాళ్లలో ఒకరు నీళ్లలో దిగకుండా, ఫోను చూడకుండా, పిల్లలనే చూస్తూ ఉండాలి. తొమ్మిదింటికల్లా బయటికి వచ్చి మంచినీటితో స్నానం చెయ్యండి. మధ్యాహ్నం విశ్రాంతి, సాయంకాలం భీమిలి. చీకటిపడ్డాక నీళ్లకేసి పోవద్దు.

ఒడ్డుమీద కూర్చుని చూసే ఆ పని మీ అత్తగారికి అప్పగించండి. పక్కన మీరో, మీ ఆయనో ఉండండి. భయపడే మనిషి కన్ను రెప్పవాల్చదు. వద్దన్న ఆవిడనే కాపలాకు పెట్టారని తెలిస్తే పెట్టె సర్దడానికి ఆవిడే ముందు లేస్తారు.